క్లబ్ కమిటీ ఏకగ్రీవం చెల్లుతుందా: సమాధానం

మీ క్లబ్ కమిటీ ఎన్నికని పోలింగ్ లేకుండానే ఏకగ్రీవం అనేశారు, అది చెల్లుతుందా అని అడిగారు. గొడవకి కారణం పోలింగ్ పెట్టకపోవడం కాదు, నామినేషన్లని మొత్తంగా లెక్కేయడం. 9 పోస్టులకి 9 నామినేషన్లు వచ్చాయని అంతా ఏకగ్రీవం అనేశారు, కానీ మీరు రాసినదాన్ని బట్టే సెక్రటరీకి ఇద్దరున్నారు, ట్రెజరర్‌కి ఒక్కరూ లేరు. అంటే సెక్రటరీకి పోటీ ఉన్నట్టే, ఏకగ్రీవం మిగతా 7కే.

1. ముందు బైలాస్ (క్లబ్ నియమావళి) తీసి చూడండి. జనరల్ బాడీ 9 మందిని ఎన్నుకుంటే పదవులు వాళ్ళే పంచుకోవాలని ఉంటే మాత్రం మీ ఎన్నికల ఆఫీసర్ చేసింది కరెక్టే, ఇక్కడితో ఆపేయొచ్చు.

2. అందరూ వదిలేసేది ఇదే: పోటీ ఉందా లేదా అనేది విత్‌డ్రాయల్ గడువు అయ్యాకే తేలుతుంది. పోస్టు వారీగా ఫైనల్ లిస్టు సంతకంతో నోటీసు బోర్డులో పెట్టారా? వాట్సాప్ గ్రూపులో "అందరికీ కంగ్రాట్స్" అని పెట్టేస్తే అది డిక్లరేషన్ అవ్వదు, ఎవర్నో బతిమాలి తప్పించారనే అనుమానం కూడా అక్కడే పుడుతుంది.

3. సెక్రటరీకి ఒక్కదానికే పోలింగ్ పెట్టండి, మళ్ళీ మొత్తం ఎన్నిక అక్కర్లేదు.

4. ట్రెజరర్‌కి కో-ఆప్షన్ (ఖాళీ పోస్టులోకి కమిటీయే ఒకర్ని తీసుకోవడం) రూల్ ఉంటే అది, లేదంటే మళ్ళీ నామినేషన్ పిలవాలి.

5. మినిట్స్‌లో రాసి, కొత్త కమిటీ లిస్టు సొసైటీల రిజిస్ట్రార్ దగ్గర ఫైల్ చేయండి.

అప్పటికీ ఒప్పుకోకపోతే, మీది 2001 సొసైటీల చట్టం (ఏపీ, తెలంగాణల్లోది) కింద రిజిస్టరైతే సెక్షన్ 23 ప్రకారం ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు) లేదా జిల్లా కోర్టు.