పొరుగువాడి ఎద్దు

చిరంజీవికి,

నీ వ్యాసం అందింది. వాక్యం బాగా నడిచింది. కానీ రెండో పేజీలో బైబిల్లోని గ్రీకు మాట ఎపిథుమియాను పట్టుకుని "ఎపి అంటే మీద, థుమోస్ అంటే ఆవేశం, కనుక ఎపిథుమియా అంటే కామం, కామమే పాపం" అని తీర్పు చెప్పేశావే, అక్కడ నాకు ఒళ్ళు మండింది.

మాటను విరిచి చూస్తే అర్థం రాలిపడదు. కుశలుడంటే వ్యుత్పత్తి ప్రకారం దర్భలు కోసి తెచ్చేవాడు. మరి "కుశలమా?" అని పలకరించేవాళ్ళంతా దర్భల సంగతే అడుగుతున్నారా?

నువ్వు మత్తయి 5:28 దగ్గర, స్త్రీని మోహపు చూపు చూస్తేనే మనసులో వ్యభిచారం చేసినట్టని యేసు అన్న ఆ మాట దగ్గరే ఆగిపోయావు. లూకా 22:15 తెరిచి చూడు. సిలువకు ముందు రాత్రి యేసు శిష్యులతో, మీతో కలిసి ఈ పస్కా పండుగ విందు భుజించాలని ఎంతో ఆశపడ్డానంటాడు. గ్రీకులో అక్కడున్నది నీ ఎపిథుమియానే, పక్కనే దాని క్రియ కూడా. ఇదీ కామమేనా? లూకా 15లో తప్పిపోయిన కుమారుడు పందుల పొట్టుతో కడుపు నింపుకోవాలని ఆశపడిందీ ఆ క్రియతోనే. ఫిలిప్పీ 1:23లో పౌలు లోకం విడిచి క్రీస్తుతో ఉండాలని కోరిన కోరికా ఇదే.

ఇక మత్తయి సంగతి. అక్కడున్నదీ ఆ క్రియే. గ్రీకు పాత నిబంధన సెప్టువజింట్‌లో పదో ఆజ్ఞకు వాడిన క్రియా ఇదే. పొరుగువాడి భార్యను ఆశించకు, ఇంటిని ఆశించకు, ఎద్దును, గాడిదను ఆశించకు. ఎద్దు మీద ఎవరికయ్యా కామం? పరుల సొత్తు మీద కన్ను వేయడమే అక్కడి నేరం. మత్తయిని గ్రీకులో చదివినవాళ్ళ చెవిలో ఆ ఆజ్ఞ మోగకుండా ఉండదని నా నమ్మకం. కోరిక మంచిదో చెడ్డదో తేల్చేది కర్మ. వ్యాకరణంలోని కర్మ, నుదుటిది కాదు.

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుంటూ బతికే రోజుల్లో ఒక మాసపత్రిక సంపాదకుడు "మొదట్లో ధాత్వర్థం, అంటే మాట మూలార్థం, లేదు, పాండిత్యం కనబడటం లేదు" అంటూ నా వ్యాసం తిప్పి పంపాడు. పత్రిక మూతపడింది, జబ్బు మాత్రం మిగిలింది. ఇప్పుడు ఆదివారం సంచికల్లోనూ ప్రతి వ్యాసం "గ్రీకులో ఫలానా అంటే" అనే మొదలవుతోంది.

కలంపేరు గురించీ, రోమా 7:7 గురించీ ఏదో అడిగావు. ముందు ఆ రెండో పేజీ చింపి, లూకా 22 నుంచి మళ్ళీ మొదలుపెట్టు. అక్షరాలు కాస్త పెద్దవిగా రాయి, కళ్ళజోడుతో కూడా కష్టంగానే ఉంది.