రేవతి నుంచి అశ్విని దాకా: చెల్లాయికి ఉత్తరం

చి.ల.సౌ. చిట్టికి, అన్నయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయావు. "ఏదో చెబుదామనుకున్నాను అన్నయ్యా, గుర్తు రావడం లేదు" అన్నావు. ఆ మాట కంటే ఆ తర్వాత నువ్వు ఊరుకుండిపోయిన తీరు నన్ను ఎక్కువ కదిలించింది. పొయ్యి మీద పాలు పెట్టి బాల్కనీలోకి వెళ్ళి మరిచిపోయానని, పక్క ఫ్లాట్ ఆవిడ పేరు నోటి దాకా వచ్చి ఆగిపోయిందని, వంటింట్లోకి వెళ్ళి ఎందుకొచ్చానో తెలియక నిలబడిపోయానని ఒక్కొక్కటే చెప్పి, చివరికి "నేనూ అమ్మలా అయిపోతానేమో" అన్నావు. ఇది ఫోన్లో రెండు మాటల్లో తేలే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను. కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదువు.

ముందు ఆ టెన్షన్ కాస్త తగ్గించుకో. అరవై నాలుగేళ్ళకి పేర్లు వెంటనే తట్టకపోవడం, తాళాలు ఎక్కడ పెట్టామో వెతుక్కోవడం చాలామందికి ఉండేదే. తాళం చేతిలో ఉండి అది దేనికో తెలియకపోతే, రోజూ వెళ్ళే కూరగాయల బండి దగ్గర నుంచి ఇంటికి దారి తోచకపోతే, అడిగిన మాటే పది నిమిషాలకోసారి అడుగుతుంటే అప్పుడు ఆలస్యం చేయకుండా నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నువ్వు చెప్పినవాటిలో అలాంటిదేదీ లేదు.

అయినా ఈ వారంలో ఒక రక్తపరీక్ష చేయించుకో. పదేళ్ళ నుంచీ షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నావు. ఆ మాత్ర ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో కొందరికి బి12 విటమిన్ తగ్గిపోతుంది. పైగా మన ఇంట్లో గుడ్డు కూడా ముట్టం. బి12 తగ్గినా, థైరాయిడ్ సరిగా లేకపోయినా మతిమరుపు వస్తుంది. అది మందుతో సర్దుకునే రకం. బీపీ కూడా చూపించుకో. టీవీ సౌండ్ ఎక్కువ పెడుతున్నావని అల్లుడు అన్నాడుగా, చెవులు కూడా పరీక్ష చేయించు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక తరఫున నిపుణులు కూర్చుని, డిమెన్షియాకి, అంటే మతి క్రమంగా పోయే జబ్బుకి, దారి తీసేవాటిలో మన చేతిలో ఉన్నవి 14 అని తేల్చారు. అందులో వినికిడి తగ్గడం ఉంది, బీపీ ఉంది, షుగర్ ఉంది, ఒళ్ళు కదల్చకపోవడమూ ఉంది. ఆ పద్నాలుగూ చక్కబెట్టుకుంటే నూటికి 45 కేసుల దాకా రాకుండా ఆపడమో, వెనక్కి నెట్టడమో వీలవుతుందని వాళ్ళ లెక్క. టీవీలో చూసి తెప్పించనా అని అడిగావే, ఆ జ్ఞాపకశక్తి పొడి, దాని జోలికి వెళ్ళకు. ఆ డబ్బు పెట్టి మంచి బూట్లు కొనుక్కో.

బూట్లు అని ఊరికే అనలేదు. నేను నీకు చెప్పబోయేదంతా కాళ్ళ గురించే.

ముప్ఫై మూడేళ్ళు డ్రిల్ మాస్టారుగా చేశాను కదా, మా స్కూల్లో లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవాడు. ఏటా జూన్లో టైంటేబుల్ వేసేటప్పుడు, డ్రిల్ పీరియడ్ అయ్యాక వచ్చే పీరియడ్ తనకే కావాలని హెడ్‌మాస్టర్ని అడిగి మరీ వేయించుకునేవాడు. పిల్లలు చెమటలు కక్కుతూ, కుళాయి దగ్గర మొహాలు కడుక్కుని, చొక్కా చేతులతో తుడుచుకుంటూ వచ్చి కూర్చునేవాళ్ళు. "ఆ పూట చెప్పిన సూత్రం వాళ్ళకి అతుక్కుంటుందండీ" అనేవాడాయన. అప్పట్లో దానికి కారణం నాకు తెలియదు. రిటైరయ్యాక తీరిగ్గా చదువుకుంటే తెలిసింది. మెదడు బరువు మన ఒంటి బరువులో రెండు శాతమే గానీ, ఒంట్లోకి వచ్చే ఆక్సిజన్లో ఐదో వంతు అదే వాడుకుంటుంది. గుండె గట్టిగా కొట్టుకుంటే అక్కడికి రక్తం బాగా అందుతుంది.

అమ్మ సంగతి కూడా చెప్పాలి. డెబ్బై ఎనిమిదో ఏట దొడ్లో జారిపడే దాకా అమ్మ ఎలా ఉండేదో నీకు గుర్తుందిగా. తెల్లారకముందే లేచి కళ్ళాపి చల్లడం, పూలు కోయడం, తులసికోట చుట్టూ ప్రదక్షిణలు, సాయంత్రం రామాలయం దాకా నడిచి రావడం. పడిన తర్వాత కాలు అతుక్కుంది. కానీ మళ్ళీ పడుతుందేమోనని మనమే ఆవిడని లేవనివ్వలేదు. నీళ్ళు కావాలంటే గ్లాసు చేతికిచ్చాం. పూలు కోసి తెచ్చి ఒళ్ళో పెట్టాం. వరండాలో పడక్కుర్చీ వేసి కూర్చోబెట్టాం. రెండేళ్ళు తిరిగేసరికి, ఎప్పుడో అమ్మేసిన గేదెని తలుచుకుని "ఈనిందా?" అని అడగడం మొదలుపెట్టింది. కూర్చోబెట్టడం వల్లే అలా అయిందని నేను అనను, ఆవిడకి బీపీ కూడా ఉండేది, వయసూ ఉంది. కానీ కాలు నయమయ్యాక చెయ్యి పట్టుకుని రోజూ గుడి దాకా నడిపించి ఉండవలసింది. డ్రిల్ మాస్టారునై ఉండి కూడా ఆ పని చేయలేదే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. నీ విషయంలో అలా కానివ్వను.

జ్ఞాపకాలు ముద్ర పడే చోటు మెదడులో చెవులకి లోపలగా, అటొకటి ఇటొకటి ఉంటుంది. సముద్రపు గుర్రం ఆకారంలో ఉంటుంది కాబట్టి హిప్పోకాంపస్ అని పేరు పెట్టారు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛలు తగ్గించడానికి రెండు పక్కలా ఆ భాగం చాలావరకు తీసేస్తే, ఆ తర్వాత 2008లో చనిపోయే దాకా కొత్త సంగతులు దాదాపు ఏవీ ఆయనకి గుర్తు నిలవలేదు. అంత ముఖ్యమైన చోటు అది. వయసు పైబడేకొద్దీ అది కొంచెం కొంచెంగా చిక్కిపోతుంది.

దాని మీదే అమెరికాలో ఒక పరిశోధన జరిగి 2011లో బయటికొచ్చింది. 55 నుంచి 80 ఏళ్ళ మధ్యవాళ్ళు 120 మందిని తీసుకుని, సగం మందిని వారానికి మూడు రోజులు నడిపించారు. మిగతా సగానికి ఒళ్ళు సాగదీసే తేలిక కసరత్తులు ఇచ్చారు. ఏడాది తర్వాత స్కాన్ తీస్తే నడిచినవాళ్ళ హిప్పోకాంపస్ రెండు శాతం పెరిగింది. రెండో జట్టుది 1.4 శాతం తగ్గింది. నీ దగ్గర దాచేదేముంది, జ్ఞాపకశక్తి పరీక్షలో మాత్రం రెండు జట్లూ మెరుగయ్యాయి. కాబట్టి నడిస్తే చాలు, అన్నీ గుర్తుండిపోతాయని నేను హామీ ఇవ్వడం లేదు. కానీ అరవై దాటిన తర్వాత కూడా ఆ చోటు పెరగగలదని తెలియడం చిన్న విషయం కాదు. నాకు ఆ వ్యాసం చదివిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

వాళ్ళు నడిపించిన పద్ధతి నీకు సరిగ్గా సరిపోతుంది. మొదటి వారం పది నిమిషాలే. ప్రతి వారం ఐదు నిమిషాలు కలుపుకుంటూ పోతే ఏడో వారానికి నలభై. అంతకు మించి వద్దు. మొదటి రోజే ఉత్సాహంగా గంట నడిచి, మర్నాడు మోకాళ్ళు పట్టేసి, పదిహేను రోజులు మంచమెక్కినవాళ్ళని నేను చాలామందిని చూశాను. నడక ఎంత జోరుగా ఉండాలంటే, పక్కనున్నవాళ్ళతో మాట్లాడగలగాలి, కానీ పాట పాడాలంటే ఊపిరి చాలకూడదు. పాడగలుగుతున్నావంటే షికారు చేస్తున్నావన్నమాట. మీ రోడ్డు మీద ఆ బైకుల మధ్య వద్దు. పొద్దున ఆరింటికి అపార్ట్‌మెంట్ సెల్లార్లో కార్ల మధ్య ఖాళీ ఉంటుందిగా, అక్కడ మొదలుపెట్టు. నాలుగో వారానికి పార్కుకి వెళ్దువుగాని. షుగర్ మాత్రలు వేసుకునేదానివి, ఖాళీ కడుపుతో వెళ్ళకు. రెండు బిస్కట్లు తిని వెళ్ళు, పర్సులో రెండు చాక్లెట్లు పెట్టుకో. గుండెల్లో పట్టేసినట్టున్నా, కళ్ళు తిరిగినా అక్కడే కూర్చుని అల్లుడికి ఫోన్ చెయ్యి. ఓర్చుకుంటూ నడవకు.

నడక కుదిరాక, మూడో వారం నుంచి ఇది మొదలుపెట్టు. ఇది నా సొంత పద్ధతి, రోజూ కాలవ గట్టు మీద చేస్తాను. చిన్నప్పుడు నాన్న మనిద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టి ఇరవై ఏడు నక్షత్రాలూ వల్లె వేయించేవాడు కదా. అశ్విని, భరణి, కృత్తిక నీకు నిద్రలో లేపినా వస్తాయి. నువ్వు వాటిని వెనక నుంచి చెప్పాలి. రేవతి, ఉత్తరాభాద్ర, పూర్వాభాద్ర, శతభిషం, ధనిష్ఠ. నడుస్తూ, అడుగు తప్పకుండా. మొదటి రోజు శ్రవణం దగ్గరో మూల దగ్గరో నీ కాళ్ళు వాటంతట అవే ఆగిపోతాయి. మెదడు ఒకేసారి రెండు పనులు మొయ్యలేక ఒకదాన్ని వదిలేస్తుంది. ఆగితే కంగారు పడకు, మళ్ళీ రేవతి నుంచి ఎత్తుకో. నాకు పునర్వసు దాటడానికే తొమ్మిది రోజులు పట్టింది. అది పూర్తిగా వచ్చేశాక ఇక లాభం లేదు, మార్చెయ్యాలి. ప్రభవ, విభవ అరవై సంవత్సరాలు అందుకో, లేదా పదమూడో ఎక్కం వెనక నుంచి. కష్టపడుతున్నంత సేపే అది కసరత్తు. రోడ్డు దాటేటప్పుడు, మెట్ల మీద మాత్రం నక్షత్రాలు వద్దు, కళ్ళు కింద పెట్టి నడువు.

ఇంట్లో చేసుకునేవి మూడే చెబుతాను. చేతులు లేని కుర్చీ గోడకి ఆనించి వేసుకుని, చేతులు గుండెల మీద కట్టుకుని, లేచి నిలబడి మళ్ళీ నెమ్మదిగా కూర్చో. ధబ్బున పడకూడదు, కూర్చునేటప్పుడే తొడలకి పని. పొద్దున ఎనిమిది, సాయంత్రం ఎనిమిది. రెండోది, హాల్లో టైల్స్ మధ్య గీత ఉంటుందిగా, దాని మీద ఒక పాదం మడమ ముందు పాదం వేళ్ళకి తగిలేలా పది అడుగులు. గోడ పక్కనే నడువు, చెయ్యి అందేలా. మూడోది, పాలు కాగే దాకా వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం. ఒక కాలి మీద ఇరవై లెక్కపెట్టి రెండో కాలికి మారు. దీంతో పాలు పొయ్యి మీద మరిచిపోయే బెడద కూడా తీరుతుంది, అక్కడే ఉంటావు కాబట్టి. ఈ మూడూ నేరుగా జ్ఞాపకశక్తి కోసం కాదు, పడిపోకుండా ఉండటం కోసం. అరవై అయిదు దాటినవాళ్ళు తూకం నిలిపే ఇలాంటి కసరత్తులు వారానికి కనీసం మూడు రోజులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. అమ్మకి జరిగింది చూశాం కదా, ఒక్కసారి పడితే నడక పోతుంది, నడక పోతే మిగతావన్నీ దాని వెంటే పోతాయి.

వాట్సాప్‌లో పంపావే, చెవులు అడ్డంగా పట్టుకుని గుంజీలు తీస్తే మెదడు చురుకవుతుందని, అది చూశాను. గుంజీలు మంచివే, కానీ మంచి జరిగేది మోకాళ్ళు వంచి లేవడంలో. చెవి తమ్మెలు పట్టుకోవడంలో ఏదో ఉందనడానికి గట్టి రుజువు నాకు కనబడలేదు. నీ మోకాళ్ళకి నిండు గుంజీలు వద్దు, కుర్చీ మీదవే నీకు గుంజీలనుకో.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇంకోటుంది. చిన్నప్పుడు నువ్వు ఊళ్ళో కోలాటం జట్టులో ముందు వరసలో ఉండేదానివి. ఇప్పుడు మీ అపార్ట్‌మెంట్లో ఆడవాళ్ళు దసరాకి కోలాటం నేర్చుకుంటున్నారని, నువ్వు "ఈ వయసులో నాకెందుకు" అని మానేశావని అమ్మాయి చెప్పింది. వెళ్ళు చిట్టీ. కోలాటంలో కాలు ఒక లెక్క, కర్ర ఒక లెక్క, పాట ఇంకో లెక్క, పైగా ఎదుటి మనిషి కర్ర ఎక్కడికొస్తుందో చూసుకోవాలి. కొత్త వరస వచ్చినప్పుడల్లా మెదడు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే. 2003లో న్యూయార్క్‌లో డెబ్బై అయిదు దాటిన 469 మందిని గమనించినవాళ్ళు రాశారు, ఒంటితో చేసే వ్యాపకాల్లో డాన్స్ ఒక్కటే డిమెన్షియా తక్కువ రావడంతో ముడిపడి కనిపించిందని. అమెరికావాళ్ళ డాన్స్ వేరు, మన కోలాటం వేరు, కానీ కాలూ చెయ్యీ తాళమూ కలవడం ఒకటే. కర్రలు నేను ఇక్కడ వడ్రంగి చేత చేయించి పంపుతాను. అవి వచ్చే దాకా చిన్న మనవరాలితో చెమ్మచెక్క ఆడు, రోజుకో కొత్త వరస కలుపుతూ.

పెద్ద మనవరాలు ఇంటర్ చదువుతూ పుస్తకం ముందు నుంచి లేవడం లేదన్నావు. దానికి ఇది చెప్పు. 2016లో నెదర్లాండ్స్‌లో 72 మందికి కొన్ని సంగతులు నేర్పి, కొందరిని వెంటనే, కొందరిని నాలుగు గంటల తర్వాత, ముప్ఫై అయిదు నిమిషాలు సైకిల్ తొక్కించారు. రెండు రోజుల తర్వాత అడిగితే, నాలుగు గంటలు ఆగి తొక్కినవాళ్ళకి బాగా గుర్తుంది. మధ్యాహ్నం ఒంటి గంటకి చదివినది ఉంటే సాయంత్రం ఐదింటికి నీతో పాటు పార్కుకి రమ్మను. అది కాస్త జోరుగా పరుగెత్తాలి, నువ్వు నడుస్తూ ఉండు.

రాత్రి పదింటికల్లా పడుకో. సీరియల్ తెల్లారి చూసుకోవచ్చు. పగలు నేర్చుకున్నది నిద్రలోనే కుదురుకుంటుంది, అది లేకుండా ఇదంతా చేసినా చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే.

గోడకున్న క్యాలెండర్ మీద నడిచిన రోజున కుంకుమ బొట్టు పెట్టు. ఒకటి రెండు రోజులు తప్పినా మొత్తం మానెయ్యకు, మూడో రోజు మళ్ళీ వెళ్ళు. వచ్చే ఆదివారం సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తాను. ఈ వారం ఎన్ని బొట్లు పడ్డాయో చెప్పు, రక్తపరీక్ష రిపోర్టు పక్కన పెట్టుకో. మాట్లాడుతూ హాల్లో అటూ ఇటూ నడువు, నేను ఇక్కడ వరండాలో నడుస్తాను. నువ్వు రేవతి అను, నేను ఉత్తరాభాద్ర అంటాను. ఎక్కడిదాకా వెళ్తామో చూద్దాం.

బావగారిని అడిగినట్టు చెప్పు. పిల్లలకి నా దీవెనలు.

ఇట్లు,
మీ అన్నయ్య