ఇంట్లో ఇద్దరమే ఉంటే ఈస్టర్‌కి ఏం బేక్ చేసుకోవాలి?

"ఈసారి పిల్లలు రావట్లేదు, మేమిద్దరమే. పండగలా ఉండాలి, కానీ రోజంతా వంటింట్లోనే గడిచిపోకూడదు. పోయినసారి హాట్ క్రాస్ బన్నులు చేస్తే రాళ్ళలా వచ్చాయి" అని అడిగారు కదా. పైన సిలువ గుర్తు గీసే ఆ తీపి బన్నుల సంగతికి తర్వాత వస్తాను, ఆ రాళ్ళు మా ఇంట్లోనూ పడ్డాయి.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. మేమిద్దరమే మిగిలిన మొదటి ఈస్టర్‌కి నా చెయ్యి ఇంకా పదిమంది లెక్కలోనే ఉంది. పన్నెండు బన్నులు, పెద్ద కోడి, 20 సెంటీమీటర్ల టిన్నులో నిండుగా కేకు. ఆదివారం బాగానే తిన్నాం. సోమవారం పర్వాలేదు. బుధవారం రాత్రి మా ఆయన ఫ్రిజ్ తలుపు తీసి, కాసేపు లోపలికి చూసి, మళ్ళీ వేసేసి "రెండు టోస్టులు చాల్లే" అన్నారు. ఆ మర్నాటి నుంచి నాది ఒకటే లెక్క: ఒవెన్లో తీపిది ఒకటి, కారంది ఒకటి, అంతే. వాటిలో పని ఎంత వీలైతే అంత శనివారమే తెమిలిపోవాలి.

తీపిది అంటే నా ఓటు బన్నులకే. నిజానికి అవి గుడ్ ఫ్రైడేవి, కానీ ఆదివారం పొద్దున తింటే ఎవరూ తప్పుపట్టరు. ఆరింటికి నా కొలత ఇది: 250 గ్రాముల బ్రెడ్ పిండి (లేకపోతే మైదా), 130 మి.లీ. పాలు, 25 గ్రాముల వెన్న, 35 గ్రాముల పంచదార, 4 గ్రాముల ఉప్పు, 3.5 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, అర చెంచా దాల్చినచెక్క పొడి, ఒక నారింజ తొక్క తురుము, 70 గ్రాముల కిస్మిస్. దాంతోపాటు సగం గుడ్డు. సగం గుడ్డు ఎలాగని కంగారు పడొద్దు. ఒక గుడ్డు కొట్టి బాగా గిలక్కొట్టి అందులోంచి 25 గ్రాములు తూచుకోవడమే, మిగతాది పొద్దున ఆమ్లెట్లోకి పోతుంది. దాల్చినచెక్క ఇంకాస్త వేస్తే బాగుంటుందని చెయ్యి జారనివ్వకండి. అది ఎక్కువైతే ఈస్ట్ పనిని మందగింపజేస్తుంది.

ఇక రాళ్ళ సంగతి. నావి రెండేళ్ళు వరసగా రాళ్ళే, రెండుసార్లూ కారణం వేరు. మొదటిసారి పాలు. గోరువెచ్చగా అని రాసి ఉంటే నేను కాఫీకి కాచినట్టు కాచి, వెన్న అందులోనే కరిగించి, ఆ వేడి మీదే ఈస్ట్ మీద పోసేశాను. 55-60 డిగ్రీల దగ్గర ఈస్ట్ చచ్చిపోతుంది. పిండి మూడు గంటలు గిన్నెలో కదలకుండా కూర్చుంది, నేను దానికి తువ్వాలు కప్పి, మళ్ళీ కప్పి, పసిపిల్లకి జ్వరం చూసినట్టు చూశాను. చచ్చినదాన్ని ఎంత వెచ్చగా ఉంచితే మాత్రం ఏం లాభం? పాలలో చిటికెన వేలు పెడితే వేడి, చల్లదనం రెండూ తెలియకూడదు. అంటే 37-38 డిగ్రీలు, అది చాలు. డబ్బా తెరిచి చాలా రోజులైందనిపిస్తే చెంచాడు ఈస్ట్, చిటికెడు పంచదార గోరువెచ్చని నీళ్ళలో వేసి పది నిమిషాలు చూడండి. నురగ కట్టకపోతే ఆ డబ్బా చెత్తబుట్టలోకే.

రెండో ఏడాది ఈస్ట్ బతికే ఉంది, నా చేతులే పాడుచేశాయి. వెన్న, గుడ్డు, పంచదార పడ్డ పిండి మొదట్లో వేళ్ళకి జిగురులా అంటుకుంటుంది. నేను విసుగొచ్చి అంటుకున్నప్పుడల్లా గుప్పెడు పొడి పిండి చల్లాను. అలా చల్లుతూ ఎంత వేశానో లెక్కే లేదు. బన్నులు పొంగాయి కానీ లోపల అడ్డంగా కోస్తే పిడకలా గట్టిగా ఉన్నాయి. ఇప్పుడు పొడి పిండి డబ్బాని బల్ల మీదే ఉంచను. పిండి కలిపి, మూత పెట్టి 20 నిమిషాలు వదిలేస్తాను. ఆ విరామంలో పిండి నీళ్ళు పీల్చుకుని సగం జిగురు దానంతటదే పోతుంది. తర్వాత పది పన్నెండు నిమిషాలు పిసకాలి. చిన్న ముద్ద తీసి రెండు చేతుల వేళ్ళతో నెమ్మదిగా సాగదీస్తే చిరగకుండా పల్చటి పొరలా వచ్చి, కిటికీకి ఎదురు పెడితే వెలుతురు కనపడాలి. అప్పుడే కిస్మిస్ కలపండి, ముందే వేస్తే ఆ పొర రానివ్వవు. అన్నట్టు, కిస్మిస్‌ని వేణ్ణీళ్ళలో పావుగంట నానబెట్టి గుడ్డ మీద తుడవండి. ఎండువి వేస్తే పిండిలోని తడిని లాగేస్తాయి. బన్ను పైకి తేలినవాటిని లోపలికి నొక్కేయండి, లేకపోతే ఒవెన్లో మాడి చేదెక్కుతాయి.

పొంగడానికి గంట, గంటన్నర అంటారు. గంట చూడకండి, పిండిని చూడండి. పాశ్చాత్య సంఘాల లెక్కలో ఈస్టర్ మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 దాకా ఎప్పుడైనా పడొచ్చు, ఆ తేడాకి వంటింటి వేడి కూడా ఒక ఏడాది ఉన్నట్టు ఇంకో ఏడాది ఉండదు. రెట్టింపు అయిందా లేదా అన్నదే లెక్క. శనివారం సాయంత్రం అది అయ్యాక ఆరు ఉండలు చేసి, ట్రేలో వేలెడు ఎడంతో పెట్టి, మూతేసి ఫ్రిజ్‌లో పెట్టేసి పడుకోండి. తెల్లవారుజామున ఆరాధనకి వెళ్ళేవాళ్ళయితే బయల్దేరేటప్పుడు తీసి బల్ల మీద పెడితే, తిరిగొచ్చేసరికి ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. గంటన్నర పైన పట్టేట్టుంటే మాత్రం ఫ్రిజ్‌లోనే ఉంచి, వచ్చాక తీయండి. లేకపోతే ఎక్కువ పొంగి ఒవెన్లో చతికిలబడతాయి.

సిలువ గుర్తుకి 40 గ్రాముల మైదాలో ఇంచుమించు అన్నే నీళ్ళు చుక్కచుక్కగా కలుపుతూ, చెంచా ఎత్తితే తెగకుండా జారేంత చిక్కగా చేసుకోవాలి. ప్లాస్టిక్ సంచి మూల కత్తిరించి, వరస మొత్తానికి ఒక్క గీత, మళ్ళీ అడ్డంగా ఒక్క గీత. బన్నుకొకటి విడివిడిగా గీస్తే వంకరలు పోతాయి. 200 డిగ్రీలకి ముందే కాలిన ఒవెన్లో 18-20 నిమిషాలు. పిండి సగం చేశాం కదా అని సమయం కూడా సగం చేయకండి. బన్ను సైజు మారలేదు, సంఖ్యే తగ్గింది. బయటికి తీయగానే జామ్‌లో రెండు చెంచాల నీళ్ళు కలిపి వేడిచేసి పైన పూస్తే మెరుస్తాయి.

పిండి పిసికే ఓపిక లేకపోతే సిమ్నెల్ కేకు చేసుకోవచ్చు, కిస్మిస్ కేకు మీద బాదం ముద్ద పరచడమే. 20 సెంటీమీటర్ల టిన్ను వంటకాన్ని సగం చేస్తే 15 సెంటీమీటర్ల గుండ్రటి టిన్నులో సరిపోతుంది. ఇందులో ఒక్కటి మాత్రం సగం చేయలేం. పైన పెట్టే బాదం ఉండలు పదకొండూ, యేసుని పట్టిచ్చిన యూదాని తీసేయగా మిగిలిన శిష్యులన్నమాట. నేను మొదటిసారి ఆ చిన్న కేకుకి చిన్న నిమ్మకాయలంత ఉండలు చేశాను. చుట్టూ పేరిస్తే తొమ్మిదే పట్టాయి. ఇద్దరు శిష్యులు పళ్ళెంలో మిగిలారు, వాళ్ళని నేనూ మా ఆయనా చెరొకరినీ తినేశాం. ఇప్పుడు ఉండకి 10 గ్రాములు తూచి చేస్తాను, పదకొండుమందీ హాయిగా కూర్చుంటారు.

కారందానికి పెద్దగా చెప్పేదేం లేదు. ఇద్దరికి మొత్తం కోడీ వద్దు, గొర్రె తొడా వద్దు. తొడతో కలిసిన కోడి కాళ్ళు రెండు చాలు. శనివారం రాత్రి ఉప్పు పట్టించి, మూత లేకుండా ఫ్రిజ్‌లో అడుగు అరలో పెట్టండి, చర్మం ఆరి కరకరలాడుతుంది. బన్నులు దిగిన ఒవెన్ వేడిగానే ఉంటుంది కాబట్టి అదే 200 డిగ్రీల్లో 40-45 నిమిషాలు. థర్మామీటరుంటే ఎముకకి తగలకుండా గుచ్చి చూడండి. 74 డిగ్రీలు దాటితే తినొచ్చు, కానీ కాలు ముక్క 80 దాటాకే ఎముక నుంచి మెత్తగా ఊడుతుంది. పక్కనే అదే ట్రేలో పది నిమిషాలు ఉడకబెట్టిన బంగాళాదుంపలు. ట్రేలో పెట్టేముందు గిన్నెలో వేసి బాగా కుదిపితే అంచులు గరుకెక్కుతాయి, ఆ గరుకే ఎర్రగా వేగుతుంది.

గుడ్లకి రంగు వేయాలనిపిస్తే ఉల్లిపాయ తొక్కలు రెండు గుప్పిళ్ళు, చెంచాడు వెనిగర్ వేసి వాటితోపాటే ఉడకబెట్టండి, ముదురు ఇటుక రంగు వస్తుంది. వారం ముందు కొన్న గుడ్లయితే పెంకు సులువుగా ఒలుస్తుంది. ఉడికినవి బల్ల మీద అందానికి రెండు గంటలకి మించి ఉంచొద్దు.

ఇద్దరూ కలిపి నాలుగు బన్నులు తింటారనుకుందాం. మిగిలిన రెండింటినీ ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, బయటికన్నా అక్కడే తొందరగా గట్టిపడతాయి. చల్లారాక ఆ రోజే ఫ్రీజర్లో వేసేసి, కావాల్సినప్పుడు అడ్డంగా కోసి టోస్ట్ చేసి వెన్న రాసుకోండి.

మీ బన్నులు అసలు పొంగలేదా, పొంగి కూడా లోపల గట్టిగా ఉన్నాయా? అదొక్కటి రాయండి, ఏ రాయో చెప్తాను.