95 శాతం వచ్చిందని సరిపెట్టుకోకు

అమ్మలూ,

నిన్ను చెరువు కట్ట పనికి సైట్ ఇంజనీరుగా వేశారని మీ అమ్మ చెప్పింది. అదంతా నల్లరేగడి కదా, అందుకే ఇది రాస్తున్నా. అక్కడ అందరూ నిన్ను అడిగేది ఒకటే, 95 శాతం కంపాక్షన్ వచ్చిందా అని, అంటే తొక్కిన మట్టి ల్యాబ్‌లో వచ్చిన గరిష్ఠ సాంద్రతలో 95 శాతానికి చేరిందా అని. అది రాకపోతే బిల్లు అవదు, నిజమే, కానీ కట్ట నీళ్లు ఆపుతుందో లేదో తొక్కించేటప్పుడు మట్టిలో ఎంత తడి ఉందో దాన్నిబట్టి కూడా ఉంటుంది.

ల్యాబ్ వాళ్లిచ్చిన ప్రాక్టర్ గ్రాఫ్ తీసి చూడు, తడి మారేకొద్దీ తొక్కిన మట్టి సాంద్రత ఎలా మారుతుందో అందులో ఉంటుంది. ఓఎంసీకి, అంటే సాంద్రత గరిష్ఠంగా వచ్చే తడి శాతానికి, అటూ ఇటూ ఒకే సాంద్రత రెండుచోట్ల వస్తుంది, కాగితం మీద రెండూ పాసే. పొడి వైపు తొక్కిన నల్లమట్టి మడమతో తొక్కినా దిగబడదు, చూసి అందరూ మెచ్చుకుంటారు, కానీ గడ్డల మధ్య సందులు మిగిలిపోయి నీరు కారుతుంది, చెరువు నిండాక అదే మట్టి తడి పీల్చి ఉబ్బి బలం పోగొట్టుకుంటుంది. కాస్త తడి వైపు తొక్కితే బలం కొంత తగ్గుతుంది గానీ నీరు కారడం బాగా తగ్గుతుంది, కట్ట కొంచెం కుంగినా మట్టి వంగుతుంది, చిట్లదు. అందుకే హార్టింగ్‌కి, అంటే కట్ట లోపల నీళ్లు ఆపే బంకమట్టి భాగానికి, ఓఎంసీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ తడి ఉండాలని నేనైతే పట్టుబడతాను. అలాంటి మట్టి ఎండితే పగుళ్లిస్తుంది, పని ఆగిన రోజుల్లో పైపొర ఆరనివ్వకు.

అలాగని బురద చెయ్యొద్దు. రోలర్ బయటికి నెట్టేది గాలిని, నీళ్లని కాదు. రోలర్ కింద మట్టి పరుపులా ఊగుతోందంటే ఇంకో పది పాస్‌లు వేయించినా డీజిల్ దండగే, దున్ని ఆరబెట్టించు.

ట్యాంకర్ నీళ్లు పొర మీద చల్లి వెంటనే తొక్కించేస్తుంటారు, గడ్డ పైన తడి, లోపల పొడి. మట్టి తవ్వే చోటే ముందురోజు తడిపించి గడ్డలు చితక్కొట్టించు. బంకమట్టికి డ్రమ్ మీద మొనలుండే షీప్‌ఫుట్ రోలరే అడుగు, నున్నటి డ్రమ్ వాడితే పొర పైభాగం పలకలా తయారై పై పొర అతకదు, తప్పక వాడాల్సి వస్తే కొత్త మట్టి పోసే ముందు గీరించు. సాంద్రత చూడ్డానికి మట్టి తీసే గొట్టం, కోర్ కట్టర్, పొర అడుగున కూడా దించాలి, పైన బాగా వచ్చినంత మాత్రాన అడుగున వచ్చినట్టు కాదు. హార్టింగ్ బయట వేసే కేసింగ్ గ్రావెల్‌తో ఇంత తలనొప్పి లేదులే, వైబ్రేటరీ రోలర్‌కి బాగానే లొంగుతుంది.

తూము పక్కన మాత్రం రోలర్ పట్టదు. అక్కడ పలచటి పొరలు పోయించి చిన్న ర్యామర్‌తో కొట్టించు, నువ్వు దగ్గరుండి చూడు. తూము వెంబడి నీరు దారి చేసుకుని తెగిన కట్టలు చాలానే ఉన్నాయి. ఆ పని మొదలుపెట్టే ముందు ఒకసారి ఫోన్ చెయ్.

మీ పెద్దమామయ్య