నీ పుడ్డింగ్ చేదొచ్చింది, బిడ్డా

నల్లగొండ,
అక్టోబరు, ఆదివారం పొద్దున

బిడ్డా,

నువ్వు పంపిన 'అమ్మమ్మ ఫ్రూట్ బ్రెడ్ పుడ్డింగ్' వ్యాసం అందింది. చదివి పక్కన పెట్టలేదు, చేసి చూశాను. చేదొచ్చింది.

నువ్వు రాసింది రాసినట్టే చేశాను. అర లీటరు పాలు, మూడు గుడ్లు, చక్కెర, యాలకుల పొడి, గుప్పెడు కిస్‌మిస్, పెద్ద సీతాఫలం ఒకదాని గుజ్జు. అన్నీ గిలకొట్టి బ్రెడ్ ముక్కల మీద పోసి పొయ్యెక్కించాను. మా మనవడు మర్యాద తెలిసిన పిల్లాడు. ఒక చెంచా నోట్లో పెట్టుకుని, ఎలాగో మింగి, "చాలు నానమ్మా, కడుపు నిండింది" అన్నాడు. సీతాఫలం గుజ్జు వేడి తగిలితే చేదెక్కుతుంది, రంగు కూడా మారిపోతుంది. అందుకే సీతాఫల్ బాసుంది చేసేవాళ్లు పాలు మరిగించి, దించి, పూర్తిగా చల్లారాక గుజ్జు కలుపుతారు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసే చేశాను. ఇది రాసిన పిల్ల ఒక్కసారైనా చేసిందా లేదా అన్నది తేలాలి కదా. తేలింది.

మీది బాలానగర్ దగ్గర ఊరన్నావు. బాలానగర్ సీతాఫలమంటే మామూలు పేరా? ఆ రకాన్ని అటు మహారాష్ట్రలో కూడా తోటలు వేసి పెంచుకుంటున్నారు. పొద్దున్నే గుట్టల్లో కాయలు తెంపి, తట్టల్లో ఆకులు పరిచి, రోడ్డు పక్కన కూర్చుని అమ్మే ఆడవాళ్ల మధ్య పెరిగింది మీ అమ్మమ్మ. ఆమెకు ఈ పండు స్వభావం తెలియదంటే నేను నమ్మను. అది అలా ఉంచు. నీ వ్యాసంలో జరిగేదంతా వేసవి సెలవుల్లో. మే నెలలో సీతాఫలం ఎక్కడ దొరికింది తల్లీ? వానలు పడ్డాక కాయ ఊరి, దసరా దీపావళి నాటికి అంగట్లోకి వచ్చే పండది. వేసవే అయితే అది కొల్లాపూర్ మామిడి అయి ఉండాలి. సీతాఫలమే అయితే అవి దసరా సెలవులు. ఏదో ఒకటి నీకు గుర్తు లేదు. గుర్తు లేకపోతే ఫరవాలేదు, ఎవరికి మాత్రం అన్నీ గుర్తుంటాయి? గుర్తు లేని ప్రతిచోటా 'పరిమళం' అని రాసి ముందుకెళ్లిపోయావు, నా కోపమంతా దాని మీదే.

కమ్మని పరిమళం, బాల్యపు పరిమళం, అమ్మమ్మ కొంగు పరిమళం. నీ మొదటి పేజీ ఫంక్షన్ హాల్లో వడ్డించే డబుల్ కా మీఠా లాగా ఉంది. పాకం కారిపోతోంది, బ్రెడ్ ఎక్కడుందో తెలియదు.

తిండి గురించి రాసేటప్పుడు వాసన గురించి రాయకు, పని గురించి రాయి. నలభై ఏళ్లుగా ఎవరు అడిగినా ఇదే చెబుతున్నాను, అడగనివాళ్లకు కూడా చెప్పి విసిగిస్తున్నాను. సరుకు ఎవరు తెచ్చారు, ఎంతకు తెచ్చారు, ఎవరు కోశారు, ఎవరు కలిపారు, ఎవరికి పెద్ద ముక్క వెళ్లింది, అడుగంటిన గిన్నె ఎవరు తోమారు. ఇవి సరిగ్గా పడితే వాసన దానంతటదే వస్తుంది. నువ్వు పిలవక్కర్లేదు.

'అమ్మమ్మ ఓవెన్‌లో బేక్ చేసేది' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఏ ఓవెన్? మీ ఊళ్లో, ఆ రోజుల్లో, ఆ ఇంట్లో ఓవెన్ ఉంటే అదే ఒక పెద్ద కథ. ఎవరు కొన్నారు, కరెంటు ఎప్పుడుండేది, చుట్టుపక్కలవాళ్లు వచ్చి చూసిపోయారా? లేకపోతే మా ఇళ్లలో చేసినట్టు ప్రెషర్ కుక్కర్‌లో చేసిందా? కుక్కర్ అడుగున ఇసుకో రాళ్లుప్పో పోసి, గాస్కెట్, విజిల్ తీసేసి, లోపల గిన్నె పెట్టి సన్న సెగ మీద కేకు చేసే ఇళ్లు నాకు బోలెడు తెలుసు. పుడ్డింగ్‌కైతే ఇసుక కూడా అక్కర్లేదు. అడుగున నీళ్లు పోసి, గిన్నె మీద పళ్లెం మూత వేసి, విజిల్ పెట్టకుండా ఆవిరి మీద ఉడికిస్తే చాలు. మంట పెంచితే గుడ్డు విరిగి నీరు వదిలేస్తుంది, పుడ్డింగంతా చిల్లులు పడుతుంది. సన్న మంట మీద నిదానంగా ఉడికితే జున్నులా గడ్డకడుతుంది. మధ్యలో కత్తి మొన గుచ్చి, శుభ్రంగా వస్తే దించుతారు. మీ అమ్మమ్మ ఏం గుచ్చి చూసేది? నీ వ్యాసంలో ఆవిడ చేతులు ఒక్కసారి కూడా కనపడవు. కళ్లు మాత్రం తెగ మెరుస్తుంటాయి.

ఇంకోటి. 'తాజా, మెత్తటి బ్రెడ్' తెచ్చి చేసేదన్నావు. అలా చేస్తే పాలల్లో ముద్దయిపోతుంది. రెండు రోజులు ఆరి గట్టిపడ్డ బ్రెడ్ అయితేనే పాలు పీల్చుకుని కూడా ముక్క ముక్కగా నిలబడుతుంది. ఈ వంటకం పుట్టిందే పాచి బ్రెడ్ పారెయ్యడానికి మనసొప్పని ఇళ్లలో. ఇంగ్లండులోనైనా, ఇక్కడైనా. అసలు మన ఊళ్లలో బ్రెడ్ ఇంటికి ఎప్పుడొచ్చేది? ఎవరికైనా జ్వరం వచ్చినప్పుడు. పాలల్లో ముంచి రోగికి తినిపించడానికి, లేదా దవాఖానాలో ఉన్నవాళ్లను చూడ్డానికి వెళ్తూ చేతిలో పట్టుకెళ్లడానికి. జ్వరం తగ్గాక మిగిలిన సగం ప్యాకెట్‌ను ఎవరూ ముట్టేవారు కాదు, అది జబ్బు తిండి. దాన్ని పిల్లలు ఎగబడి తినే తీపిగా మార్చిందంటే మీ అమ్మమ్మ ఎంత ఉపాయమున్న మనిషి! దాని గురించి ఒక్క వాక్యం లేదు నీ వ్యాసంలో.

ఇక అసలు సంగతికొస్తాను. నేను ఆదివారం పొద్దున పేపరు కూడా ముట్టకుండా ఈ ఉత్తరం రాయడానికి కారణం నీ మూడో పేజీ. అందులో రెండు వాక్యాలున్నాయి. ఒకటి బ్రాకెట్లో పెట్టావు, ఏదో తప్పు చేసినట్టు: పెళ్లికి ముందు అమ్మమ్మ కొన్నాళ్లు జడ్చర్ల మిషన్ దవాఖానా వంటింట్లో పని చేసిందట. రెండోది దానికి ఆరేడు లైన్ల కింద ఉంది: అమ్మమ్మ బ్రెడ్ అంచులన్నీ కోసేసి, ఆ అంచులను తను చాయ్‌లో ముంచుకుని తినేది.

ఈ రెండు వాక్యాలు ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. నువ్వు పలకరించనివ్వలేదు. వాటి మధ్య వెన్నెల రాత్రులు, మల్లెపందిరి తెచ్చి పెట్టావు.

చూడు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో రష్యా వైపు నుంచి వచ్చిన మెనొనైట్ మిషనరీలు, అంటే క్రైస్తవుల్లో ఒక శాఖవాళ్లు, మా నల్లగొండలో దిగారు. ఆ తర్వాత అమెరికా నుంచి మెనొనైట్ బ్రదరెన్ వాళ్లు వచ్చారు. దేవరకొండ, వనపర్తి, పాలమూరు, జడ్చర్ల వైపు బళ్లూ చర్చిలూ దవాఖానాలూ పెట్టారు. మన అమ్మమ్మల కాలంలో ఎంతోమంది ఆడవాళ్లు ఆ వంటిళ్లలో, వార్డుల్లో పని చేశారు. జొన్నరొట్టె, గట్క తిని పెరిగిన పిల్ల చేతికి గుడ్లు, పాలు, బ్రెడ్ కలిపి చేసే ఈ తీపి ఆ దారినే వచ్చి ఉండాలి. నువ్వేమో 'తరతరాల మా ఇంటి వంట' అని రాశావు. మీ ఇంట్లో అది మీ అమ్మమ్మతోనే మొదలైంది, ఒక పద్దెనిమిదేళ్ల పిల్ల జీతానికి వెళ్లిన చోట నేర్చుకుని వచ్చింది. తరతరాల కన్నా ఇదే నాకు ఎక్కువ విలువగా కనిపిస్తోంది.

ఇప్పుడు అంచుల సంగతి. పాలమూరు కరువులు చూసిన ఇంటి ఆడపిల్ల బ్రెడ్ అంచులు కోసి తీసెయ్యాలని తనంతట తాను అనుకోదు. తినే వస్తువును కోసి అవతల పెట్టడం ఆమె ఎక్కడో చూసింది, ఎవరో అలా చెయ్యమని చెప్పారు. కోసిన అంచును పారెయ్యలేక చాయ్‌లో ముంచుకు తినడం మాత్రం సొంత ఇంటిది. పారబోస్తే పాపం తగుల్తదని ఆమెకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పి ఉండరు. రెండు వంటిళ్లూ ఆ ఒక్క కత్తిపీట దగ్గర కలిశాయి. ఆ ముక్క నాకు ఎలా తగిలిందో చెప్పలేను. నీకు రాయడం వచ్చు. ఈ మాట ఇంకోసారి అననులే.

అంత మంచి మనిషిని ఆఖరి పేజీలో చంపేశావు. అమ్మమ్మ పోయింది, పుడ్డింగ్ పోయింది, ఆ రుచి మళ్లీ రాలేదు. నాకూ గొంతు పట్టేసింది. తర్వాత నీ కవరింగ్ లెటర్ తీస్తే, 'అమ్మమ్మ మీకు నమస్కారాలు చెప్పమంది' అని ఉంది! ఎంత నవ్వొచ్చిందో, అంత ఒళ్లు మండింది.

ఇది నీ ఒక్కదాని జబ్బు కాదు. ఇప్పుడొక ఫ్యాషన్ నడుస్తోంది. తిండి జ్ఞాపకమంటే చివర్లో పెద్దావిడ పోవాలి, ఇల్లు పాడుబడాలి, రోలు మీద తులసి మొలవాలి. ఎడిటర్లు అలవాటు చేశారు. నాకు బాగా తెలుసు. బడి నుంచి వచ్చి, వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి, నోటుబుక్కులు దిద్ది, ఆ తర్వాత కథలు రాసుకునే రోజుల్లో మా చిన్నాయన బత్తాయి తోట మీద ఒక కథ రాశాను. నల్లగొండ బత్తాయి గురించి నీకు చెప్పక్కర్లేదు. బోర్లు ఎండిపోయాయి. చిన్నాయన ట్యాంకర్లతో నీళ్లు తోలించాడు, అప్పు చేసి తోలించాడు, చివరికి చెట్లు కొట్టించి కట్టెల కింద అమ్మేశాడు. కాంటా దగ్గర లారీ తూగుతుంటే, ఆయన చీటీ మీద అంకె చూసి, "టన్నుకు ఇంకో యాభై ఎయ్యి, పచ్చి కట్టె కాదిది" అని కాంటావాడితో గంటసేపు బేరమాడాడు. పిల్లల్లా పెంచిన చెట్లు. నా కథంతా ఆ బేరమే. ఎవరూ ఏడవరు.

దాన్ని పట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాను. ఒక పెద్ద పత్రిక ఎడిటర్ మొదటి పేజీ, ఆఖరి పేజీ చూశాడు. మధ్య పేజీల మీద చాయ్ కప్పు పెట్టాడు. "ఈ రేట్ల గోల తీసేయండమ్మా. చివర్లో రైతు పురుగులమందు తాగితే కథ నిలబడుతుంది" అన్నాడు. మా చిన్నాయన అప్పటికే మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమాస్తాగా చేరి, రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని తిరుగుతున్నాడు. ఆ మనిషిని చంపి కథ నిలబెట్టాలట. కాగితాలు తీసుకుని వచ్చేశాను. తర్వాత ఒక చిన్న పత్రిక వేసింది, డబ్బులివ్వలేదు, రెండు కాపీలు పంపింది. అందులోనూ చోటు చాలలేదని ఆ యాభై రూపాయల మాట కోసేశారు. ఇప్పటికీ ఆ కథను మెచ్చుకునేవాళ్లు ఆ మాట లేని కథనే చదివారు. దాని గురించి ఎక్కువ మాట్లాడితే బీపీ పెరుగుతుంది, వదిలెయ్.

నువ్వు ఇంకా చాలా అడిగావు. ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా, దీన్ని నవలగా పెంచొచ్చా. నవల సంగతి ఇప్పుడెందుకు? ముందు ఈ ఆరు పేజీలు తేలనీ.

దీపావళిలోపు బాలానగర్ వెళ్లు. మీ అమ్మమ్మతోనే పుడ్డింగ్ చేయించి, పక్కన కూర్చో. వీడియో తీయకు, తీస్తే నువ్వు ఫోన్ చూస్తావు గాని ఆమెను చూడవు. కాగితం మీద రాసుకో. బ్రెడ్ ఎక్కడ కొన్నది, ఎన్ని రోజుల కిందటిది, ముక్కలు చేత్తో తుంచిందా కత్తితో కోసిందా, పాలు ఎంత వేడి మీద గుడ్లలో పోసింది, పండు ఎప్పుడు వేసింది. జడ్చర్ల గురించి అడుగు. జీతం ఎంత, వారానికోసారి ఇంటికి పంపేవారా, మొదటిసారి ఈ తీపి నోట్లో పెట్టుకున్నప్పుడు ఎవరైనా పెట్టారా, మిగిలింది తిన్నదా. అంచులు కోయమని ఎవరు చెప్పారో అడుగు. చెప్పడానికి ఇష్టపడకపోతే రెట్టించకు. అడిగితే మాట మార్చిందని అదే రాయి.

కొత్త కాపీ కాగితానికి ఒకవైపే రాసి, మార్జిన్ వదిలి పంపు. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండనీ, నాకు కళ్లజోడు మార్చాల్సిన టైమొచ్చింది. సీతాఫలం ఆమె నిజంగానే వేడి మీద వేసిందనీ, అయినా చేదు రాలేదనీ తేలితే మాత్రం ఉత్తరం దాకా ఆగకు, ఫోన్ చెయ్.

ఆశీస్సులతో.