పాత బిట్‌కాయిన్ మైనింగ్ మెషీన్లకు 42 వేలు పెట్టి రిపేర్ చేయించాలా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువు ఉంది. 2021లో ఫ్రెండ్స్ మాట విని బిట్‌కాయిన్ అనే డిజిటల్ నాణేలను తవ్వే రెండు యాంట్‌మైనర్ ఎస్19 ప్రో (110 టెరాహాష్, అంటే సెకనుకు 110 లక్షల కోట్ల లెక్కలు వేసే) మెషీన్లు కొన్నాను. వారంటీ ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు ఒకదాంట్లో రెండు హాష్ బోర్డులు (ఆ లెక్కలు వేసే చిప్పులుండే పలకలు), ఇంకోదాంట్లో ఒకటి పోయాయి. హైదరాబాద్‌లో ఒకాయన బోర్డుకు 14 వేల చొప్పున 42 వేలు అడుగుతున్నాడు. మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టి చేయిద్దామనుకుంటున్నాను. ఇంతకంటే తక్కువలో ఎక్కడైనా చేస్తారా? ఇంట్లో పెడితే కరెంటు బిల్లు ఎక్కువని, చెరువు దగ్గర షెడ్డులో పెట్టే ఆలోచన ఉంది.

జవాబు: ముందు ఆ గొలుసును బీరువాలోంచి తీయకండి. రిపేర్ ఎక్కడ చేస్తారన్నది తర్వాతి మాట. బాగైన మెషీన్ రోజుకు ఎంత తెస్తుంది, ఎంత తింటుంది అన్నది ముందు చూద్దాం.

ఎస్19 ప్రో దాదాపు 3,250 వాట్లు లాగుతుంది. రోజంతా నడిస్తే 78 యూనిట్లు, నెలకు 2,340. ఇంటి మీటర్ మీద 400 యూనిట్లు దాటాక యూనిట్ 9.75 రూపాయలు కాబట్టి ఒక్క మెషీన్‌కే రోజుకు సుమారు 760 రూపాయలు. సర్దుబాటు చార్జీలు వేరే.

ఇక రాబడి. ప్రపంచం మొత్తం మీద మైనర్లందరికీ కలిపి రోజుకు సుమారు 450 కొత్త బిట్‌కాయిన్లు వస్తాయి. నెట్‌వర్క్ బలం, అంటే ఆ మైనర్లందరి మెషీన్ల మొత్తం వేగం, 2025లో 1,000 ఎక్సాహాష్ మార్కును తాకింది (ఒక ఎక్సాహాష్ అంటే పది లక్షల టెరాహాష్). అందులో మీ 110 టెరాహాష్ వాటా రోజుకు 0.0000495 బిట్‌కాయిన్. బిట్‌కాయిన్ ధర 80 లక్షలు అనుకుంటే 396 రూపాయలు. పూల్ ఫీజు, అంటే మైనర్లను జట్టుగా కలిపి రాబడి పంచేవాళ్ల కమీషన్, ఇంకా తీయలేదు. 396 సంపాదించడానికి 760 ఖర్చు. కరెంటు ఖర్చుకు సరిపోవాలంటేనే ధర కోటిన్నర దాటాలి. మీరు కొన్న రోజుల్లో బ్లాక్‌కు, అంటే మైనర్లు ఖాయం చేసే ఒక్కో లావాదేవీల కట్టకు, 6.25 కొత్త బిట్‌కాయిన్లు వచ్చేవి. 2024 ఏప్రిల్ నుంచి అది 3.125. 2028లో మళ్లీ సగమవుతుంది. పైగా ఇప్పుడు వస్తున్న ఎస్21 లాంటి మెషీన్ కాస్త ఎక్కువ కరెంటుతోనే 200 టెరాహాష్ ఇస్తుంది. మీ మెషీన్ రిపేరై కొత్తదానిలా నడిచినా పోటీ వీటితోనే.

గోరుచుట్టు మీద రోకటిపోటులా దీనికి టాక్స్ తోడు. క్రిప్టో లాభం మీద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్, కలిపితే 31.2. మామూలు వ్యాపారంలో కరెంటు, రిపేర్లు ఖర్చుల కింద తీసేస్తారు. ఇక్కడ కాయిన్ కొన్న ధర తప్ప ఇంకేమీ తీయనివ్వరు. మైనింగ్ మౌలిక ఖర్చులు కొన్న ధర కిందికి రావని ఆర్థిక శాఖ 2022 మార్చిలో లోక్‌సభలో చెప్పింది. అంటే మీరు పెట్టే 42 వేలు టాక్స్ లెక్కలో ఎక్కడా కనిపించదు. తవ్వుకున్న కాయిన్‌కు కొన్న ధర లేదు గనుక మొత్తం మీద టాక్స్ పడిందనుకోండి, ఆ 396లో చేతిలో మిగిలేది 272. క్రిప్టోలో నష్టం వస్తే రొయ్యల ఆదాయంలో సర్దుకోవడానికీ, వచ్చే ఏడాదికి మోసుకెళ్లడానికీ లేదు. కాయిన్ వచ్చిన రోజే ఆదాయంగా చూపాలా, అమ్మినప్పుడా అన్నది మీ సీఏను అడగండి.

చెరువు షెడ్డు ఆలోచన ఎందుకు వచ్చిందో అర్థమైంది. రాయితీ కింద యూనిట్ రూపాయిన్నర పడితే రోజుకు 117 రూపాయలే ఖర్చు, టాక్స్ పోగా 155 మిగిలేలా కనిపిస్తుంది. కానీ ఆ రాయితీ రొయ్యలకు ఇచ్చింది. ఆక్వా కనెక్షన్ మీద ఇంకో పనికి కరెంటు వాడితే విద్యుత్ చట్టం 126 సెక్షన్ కింద అనధికార వినియోగం. రెట్టింపు టారిఫ్‌తో లెక్కగడతారు, ఎప్పటి నుంచి వాడారో తేలకపోతే ఏకంగా 12 నెలలకు వేస్తారు. ఒక్క మెషీన్‌కు ఏడాదికి 28 వేల యూనిట్లు పైమాటే, ఏ కేటగిరీలో వేసినా లక్షల్లో ఉంటుంది. ఇంతకంటే నాకు భయం వేసే సంగతి ఇంకోటి. లైను చివర చెరువుల దగ్గర వోల్టేజ్ అంతంతమాత్రం. దాని మీద ఇంకో మూడు కిలోవాట్ల లోడు పెట్టి, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే వేళకు ఏరియేటర్ (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రం) ట్రిప్ అయితే పోయేది బోర్డులు కాదు, పంట. సోలార్ పెడితే అని అడుగుతారేమో, 3 కిలోవాట్ల ప్యానెళ్లు రోజుకు ఇచ్చేది సుమారు 12 యూనిట్లు. మీకు కావాల్సింది 78.

ఇప్పుడు రిపేర్. మీ ఉత్తరంలో మీరు గమనించని సంగతి ఒకటుంది. ఒక్కో మెషీన్‌లో మూడు బోర్డులు. ఒకదాంట్లో ఒకటి బాగుంది, రెండోదాంట్లో రెండు. ఆ మూడూ ఒకే మోడల్, ఒకే టెరాహాష్ రకం అయితే ఒక పెట్టెలోకి చేర్చండి, ఒక పూర్తి మెషీన్ పైసా ఖర్చు లేకుండా తయారవుతుంది. ప్లగ్ పీకిన వెంటనే లోపల చెయ్యి పెట్టకండి, పవర్ సప్లైలో కాసేపు చార్జ్ నిలిచి ఉంటుంది.

అసలు ఆ బోర్డులు పోయాయని ఎవరు తేల్చారు? మెషీన్ నడుస్తుండగా మీటర్ పెట్టి వోల్టేజ్ చూడండి. 200 కంటే దిగితే పవర్ సప్లై మొరాయిస్తుంది, నింద బోర్డు మీద పడుతుంది. మీ వైపు ఉప్పు గాలికి, తేమకు కనెక్టర్ల మీద పచ్చటి చిలుము పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక మళ్లీ పెట్టండి. మెషీన్ చూపించే లాగ్‌లో (పనితీరు చిట్టాలో) ఆ బోర్డు ఎదురుగా అప్పటికీ సున్నా ఏసిక్, అంటే ఒక్క మైనింగ్ చిప్పూ కనబడలేదు, అనే వస్తుంటే, బాగా పనిచేసే బోర్డు తాలూకు కేబుల్‌కు దీన్ని తగిలించి చూడండి. ఫ్యాన్లు, పవర్ సప్లై అయితే ఊళ్లో ఇన్వర్టర్లు బాగుచేసే మంచి మెకానిక్ చాలు. హాష్ బోర్డు మాత్రం అతనికి ఇవ్వకండి. దాని మీద 114 చిప్పులు వరుసగా ఉంటాయి, మధ్యలో ఒక్కటి పోయినా సిగ్నల్ అక్కడే ఆగిపోతుంది. ఆ ఒక్కటీ ఏదో కనిపెట్టాలంటే ఆ మోడల్‌కు సరిపడే టెస్టర్ కావాలి.

సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో చిప్ లెవెల్ పనివాళ్లను పట్టుకోవచ్చు. ఎవరి దగ్గరికి వెళ్లినా ఎస్19 ప్రో బోర్డు టెస్టర్ మీ దగ్గర ఉందా అని అడగండి. వేసే చిప్పు కొత్తదా, పాత బోర్డు నుంచి పీకిందా, బాగవకపోతే డబ్బు తీసుకుంటారా, ఇచ్చే ముందు ఒక రోజంతా నడిపి చూపిస్తారా అనీ అడగండి. నీళ్లు నమిలితే బోర్డు వెనక్కి తెచ్చేసుకోండి. విదేశాలకు పంపడం మీ స్థాయికి దండగ, రానుపోను కొరియర్‌తోనూ కస్టమ్స్ కాగితాలతోనూ రిపేర్ డబ్బంతా అక్కడే పోతుంది.

నా మాట ఏమిటంటే, రిపేర్ వద్దు. మూడు మంచి బోర్డులతో ఒక మెషీన్ కూర్చండి, అది నడుస్తున్నట్టు వీడియో తీసి అమ్మేయండి. ఈ ఏడాది అమ్మితే వచ్చే ధర వచ్చే ఏడాదికి రాదు. మిగిలిన పవర్ సప్లై, ఫ్యాన్లు, కంట్రోల్ బోర్డు విడిగా అమ్ముడుపోతాయి. బోర్డుకు 14 వేలు అడిగిన ఆ హైదరాబాద్ ఆయన్నే, పోయిన మూడు బోర్డులు ఎంతకు కొంటారో అడగండి. వాటిలో మిగిలిన మంచి చిప్పులు ఆయనకు పనికొస్తాయి.