పఫ్ ఉండగా సిరప్ ఎందుకని అడిగావు

తిరుపతి

చి.ల.సౌ. లావణ్యకు అత్త ఆశీస్సులు.

మొన్న రాత్రి బాబుకు ఉబ్బసం వల్ల ఆయాసం ముదిరితే, డాక్టరు రాసిచ్చిన ప్రెడ్నిసలోన్ సిరప్ (నోటితో తాగే స్టెరాయిడ్) పక్కనపెట్టి స్టెరాయిడ్ పఫ్‌లే ఇంకో నాలుగు ఇచ్చావట. మీ అమ్మ చెప్పింది. ఒళ్లంతా పాకే మందు కంటే ఊపిరితిత్తులకే పోయేది మేలు కదా అన్నది నీ వాదన. పిల్లల వార్డులో ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన నాకూ ఒకప్పుడు ఈ అనుమానం ఉండేది.

2000లో టొరంటో పిల్లల ఆసుపత్రి డాక్టర్లు దీన్ని తేల్చి చూశారు. తీవ్రమైన ఉబ్బసంతో ఎమర్జెన్సీకి వచ్చిన, అయిదేళ్లు నిండిన 100 మంది పిల్లల్లో సగం మందికి ఫ్లుటికాసోన్ అనే స్టెరాయిడ్ పఫ్, సగం మందికి నోటి ద్వారా మన సిరప్ జాతిదే అయిన ప్రెడ్నిసోన్ ఇచ్చారు. పఫ్ మోతాదేమీ తక్కువ కాదు, 2 మిల్లీగ్రాములు. అయినా నాలుగు గంటల తర్వాత చూస్తే ఊపిరి మెరుగుదల నోటిమందు పిల్లల్లోనే రెండింతలు. పఫ్ వాళ్లలో 31 శాతం మందిని ఆసుపత్రిలో చేర్చుకోవలసి వచ్చింది, నోటిమందు వాళ్లలో 10 శాతాన్నే.

గరుడసేవ నాడు మాడవీధిలోకి కొత్తగా ఒక మనిషి దూరగలడా? వాచి, బిగుసుకుపోయి, కఫంతో పూడిన శ్వాసనాళాల్లోకి పీల్చిన మందూ అంతే. సిరప్ రక్తంలో కలిసి వెనకదారిన చేరుతుంది. కానీ పని చేయడానికి కొన్ని గంటలు పడుతుంది, అందుకే చివరిదాకా ఆగి ఇవ్వకూడదు. ఈలోగా శ్వాసనాళాలను వదులు చేసి ఊపిరి ఆడనిచ్చేది సాల్బుటమాల్ పఫ్. స్పేసర్‌కు, అదే పఫ్ డబ్బాకు తగిలించే గొట్టానికి, మాస్క్ పెట్టి, ఒక్కో పఫ్‌కు డబ్బా ఊపి, అయిదారు శ్వాసలు తీయనివ్వు. నాలుగైదు పఫ్‌లు ఒకేసారి కొట్టేస్తే మందు స్పేసర్ గోడలకే అంటుకుంటుంది.

సిరప్ మూడు నుంచి అయిదు రోజులే. ఆ కాస్తకే ఎముకలు గుల్లబారవు. ఏడాదికి నాలుగైదుసార్లు అవసరపడితే మాత్రం భయపడాల్సిందే. ఆ అవసరం రాకుండా చూసేది రోజూ ఇచ్చే స్టెరాయిడ్ పఫ్. బాబు బాగున్నాడని దాన్ని మానేశావు చూడు, నాకు కోపం అక్కడే. సిరప్ ఇచ్చే రోజుల్లోనూ ఆపకు. పఫ్ తర్వాత నోరు పుక్కిలించాలి. సిరప్ చేదు, తాగిన కాసేపటికే కక్కుకుంటే డాక్టరుకు చెప్పు, మళ్లీ ఇవ్వమంటారేమో.

డొక్కలు ఎగరేస్తున్నా, మాట పూర్తి చేయలేకపోతున్నా, పెదవులు నీలమైనా 108కి ఫోను చెయ్యి. పిల్లికూతలు ఆగినా బిడ్డ నీరసంగా వాలిపోతుంటే తగ్గిందని మురిసిపోకు. గాలి ఆడకపోతే కూత కూడా రాదు. అది మరీ ప్రమాదం.

శనివారం చిత్తూరు వస్తున్నాను. స్పేసర్‌ను సబ్బునీళ్లలో కడిగి, గుడ్డతో తుడవకుండా ఆరబెట్టి ఉంచు. నేను చూస్తుండగా బాబుకు ఒకసారి పఫ్ ఇద్దువుగాని.

మీ అత్త